లేబుల్ ఊడిన సీసా

మా వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. సాయంత్రం అయిదు దాటితే అరుగు మీద ఆయన చెక్కపెట్టె తెరుచుకునేది. లోపలంతా గళ్లు. ఒక్కో గడిలో చిటికెన వేలంత గాజుసీసా, దాని మీద ఎర్ర సిరాతో రాసిన చీటీ: నక్స్ 30, పల్స్ 200, ఆర్స్ 30. డబ్బు పుచ్చుకునేవారు కాదు. అమ్మ నన్ను ఎన్నిసార్లు అక్కడికి తీసుకెళ్లిందో లెక్కలేదు. జలుబైనా, గొంతు వాచినా, పరీక్షలకు ముందు కడుపునొప్పి వచ్చినా మాస్టారి అరుగే. తీపి గుళికలు కాబట్టి నాకూ అభ్యంతరం ఉండేది కాదు.

ఒక శ్రావణంలో పెంకుల్లోంచి వాన కారి ఆ పెట్టె తడిసింది. రెండు సీసాల చీటీలు చెరిగిపోయాయి. మాస్టారు వాటిని వెలుతురుకి ఎత్తి చూశారు. బిరడా తీసి వాసన చూశారు. ఒక్కో గుళిక నాలుక మీద వేసుకుని చప్పరించారు. తర్వాత రెండు సీసాలనూ పెరట్లో పారబోశారు.

"ఏది ఏదో తెలుసుకునే దారి లేదా మాస్టారూ?" అని అడిగాను. అప్పుడు ఎనిమిదో తరగతి.

"లేదురా. చీటీ పోతే అంతే."

ఆ మాట ఎంత దూరం వెళుతుందో అప్పుడు నాకు తెలియదు, ఆయనకీ తెలిసి ఉండదు. ఆ రెండు సీసాల్ని ఇవాళ దేశంలోకెల్లా మంచి రసాయన ప్రయోగశాలకు పంపినా, అందులో ఉన్నది నక్స్ వామికా 200 అనో, పల్సటిల్లా 200 అనో వాళ్లు చెప్పలేరు. పంచదార, ఆరిపోయిన ఆల్కహాలు, అంతే. ఎందుకు చెప్పలేరన్నది లెక్కల మాస్టారికి తగిన లెక్కే.

హోమియో మందు తయారీ మెట్లుమెట్లుగా సాగుతుంది. మూలపదార్థాన్ని ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారం మదర్ టింక్చర్. నక్స్ వామికాకయితే ఆ పదార్థం మన ముషిణి గింజే. బంగారం, సిలికా లాంటి కరగనివాటిని పాలచక్కెరతో కలిపి కల్వంలో నూరుతారు. ఒక పాలు మందుకి తొంభై తొమ్మిది పాళ్లు ఆల్కహాలో నీళ్లో కలిపి, సీసాను దెబ్బ తగిలేలా కుదిపితే 1సి. అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ తొంభై తొమ్మిదిలో కలిపితే 2సి. మూడో మెట్టుకి పది లక్షల్లో ఒక వంతు, ఆరో మెట్టుకి లక్ష కోట్లలో ఒక వంతు. మనం 'థర్టీ' అనే పొటెన్సీ ఈ మెట్ల సంఖ్యే.

58.5 గ్రాముల ఉప్పు తీసుకుందాం. రసాయనశాస్త్రం లెక్కలో అది ఒక మోల్. అందులో సోడియం అయాన్లు 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేటన్ని. అపారం అనిపిస్తుంది. కానీ ప్రతి మెట్టులోనూ వందో వంతే ముందుకు వెళుతుంది. 12వ మెట్టుకి భాగహారం 1 పక్కన 24 సున్నాలతో. అక్కడికి చేరేసరికి మొదటి ఉప్పులోని ఒక్క సోడియం అయానైనా సీసాలో మిగిలే అవకాశం సగానికి కాస్త తక్కువ. 30వ మెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత గాఢమైన పదార్థంతో మొదలుపెట్టినా, 30సి ద్రవంలో మూలపదార్థపు ఒక్క అణువు దొరకాలంటే సూర్యుడంత బరువున్న నీటి ముద్దలు ఓ పదిహేను వేలు గాలించాలి. పైగా ప్రయోగశాలలో వాడే అతిశుద్ధ జలంలో కూడా లక్ష కోట్లలో ఒక వంతు స్థాయిలో సోడియం మిగిలే ఉంటుంది. అంటే ఆరో మెట్టు దాటాక సీసాలో ఉన్నది మందు తాలూకు ఉప్పా, నీళ్లలో మొదటినుంచీ ఉన్న ఉప్పా అన్న ప్రశ్నకే అర్థం ఉండదు.

ఈ లెక్క తెలియనందుకు హోమియోపతికి ఆద్యుడైన హానిమన్‌ను తప్పుపట్టలేం. జర్మనీలోని మైసెన్‌లో 1755లో పుట్టిన సామ్యూల్ హానిమన్ తన సిద్ధాంత గ్రంథం 'ఆర్గనాన్' మొదటి కూర్పు వెలువరించింది 1810లో. వాయువుల్లోని అణువుల సంఖ్య గురించి అవగాడ్రో తన ప్రతిపాదన ప్రకటించింది ఆ మరుసటి ఏడు. అణువుల పరిమాణాన్ని, సంఖ్యను లోష్మిట్ అంచనా కట్టేసరికి 1865 వచ్చింది. అప్పటికి హానిమన్ పోయి ఇరవై రెండేళ్లు. ఇంకో మాట కూడా ఆయన పక్షాన చెప్పాలి. ఆ కాలపు వైద్యులు రోగికి జ్వరం వస్తే రక్తం తీసేవారు, పాదరసం తాగించేవారు. ఏ హానీ లేని చుక్కలిచ్చి, రోగి చెప్పేది ఓపిగ్గా విని, విశ్రాంతి తీసుకోమన్న వైద్యుడి దగ్గర ఎక్కువమంది బతికి బయటపడ్డారంటే ఆశ్చర్యం లేదు. 'అల్లోపతి' అనే పేరు పెట్టింది కూడా ఆయనే, ఆ వైద్యాన్ని వెక్కిరించడానికి. ఇప్పుడు ఎంబీబీఎస్ డాక్టర్లే తమని తాము అల్లోపతి డాక్టర్లమని చెప్పుకుంటున్నారు!

మాస్టారిది పుస్తకం చూసి నేర్చుకున్న వైద్యం. ఇప్పుడు అలా కుదరదు. బీహెచ్ఎంఎస్ అయిదున్నరేళ్ల కోర్సు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. నీట్ రాస్తేనే సీటు. ఆపైన మూడేళ్ల ఎండీ ఉంది. 1973 నాటి హోమియోపతి కేంద్ర మండలి చట్టం స్థానంలో 2020లో జాతీయ హోమియోపతి కమిషన్ చట్టం వచ్చింది. మన దగ్గర గుడివాడలో, రాజమహేంద్రవరంలో, హైదరాబాదు రామంతాపూర్‌లో ప్రభుత్వ కళాశాలలున్నాయి. రాజమహేంద్రవరం కళాశాలకి అల్లు రామలింగయ్య పేరుంది. తెర మీద నవ్వించిన ఆయన తెర వెనక హోమియో మందులిచ్చేవారు.

ఈ కళాశాలల్లో ఏం చెబుతారో బయటివాళ్లకి చాలామందికి తెలియదు. శవాన్ని కోసి అనాటమీ చెబుతారు. ఫిజియాలజీ, పాథాలజీ, ఫోరెన్సిక్ మెడిసిన్, సర్జరీ, ప్రసూతి శాస్త్రం అన్నీ ఉంటాయి. ఇటీవల పరిశోధనా పద్ధతులు, బయోస్టాటిస్టిక్స్ కూడా చేర్చారు. వీటి పక్కనే ఆర్గనాన్, మందుల లక్షణాలు చెప్పే మెటీరియా మెడికా, లక్షణాన్ని బట్టి మందు వెతికే రెపర్టరీ, హోమియో ఫార్మసీ. ఒకే విద్యార్థి పొద్దున పాథాలజీ క్లాసులో టైఫాయిడ్‌కి సాల్మొనెల్లా కారణమని రాసుకుంటాడు, మధ్యాహ్నం ఆర్గనాన్ క్లాసులో వ్యాధి అంటే ప్రాణశక్తిలో కలిగే అస్తవ్యస్తత అని రాసుకుంటాడు. రెండూ పరీక్షలో వస్తాయి. రెండింటికీ మార్కులు పడతాయి.

పొద్దుటి క్లాసు పుస్తకానికి కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా పాత వాక్యాలు కొన్ని ఎగిరిపోతాయి, ఎందుకంటే ఎవరో ఎక్కడో పరీక్షించి తప్పని తేల్చారు. మధ్యాహ్నపు క్లాసు పుస్తకం అలా మారదు. ఆర్గనాన్ ఆరో కూర్పులో 291 సూత్రాలున్నాయి. హానిమన్ పోయాక చాలాకాలానికి, 1921లో, అది అచ్చయింది. విద్యార్థి వాటికి భాష్యం నేర్చుకుంటాడు.

ఇక శిక్షణలో అసలైన కష్టం 'కేస్ టేకింగ్'. ఇది చూడవలసిన దృశ్యం. మోకాళ్ల నొప్పులతో వచ్చిన పెద్దావిడ ముందు హౌస్‌సర్జన్ అమ్మాయి కూర్చుని అడుగుతుంది: "ఎప్పుడు ఎక్కువండీ, కూర్చుంటేనా, నడిస్తేనా? లేచిన వెంటనే బాగా పట్టేసి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుందా? వాన పడితే పెరుగుతుందా? ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? ఎవరైనా ఓదారిస్తే ఏడుపొస్తుందా, కోపమొస్తుందా?" లేవగానే బాధ, కదిలేకొద్దీ ఉపశమనం అయితే రస్ టాక్స్ వైపు మొగ్గు. కదిలితే చాలు ప్రాణం పోతుందంటే బ్రయోనియా. దాహం లేకుండా, గాలి కోరుతూ, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి పల్సటిల్లా. అర్ధరాత్రి దాటాక అస్థిమితంగా దొర్లుతూ గుక్కెడు గుక్కెడుగా నీళ్లు అడిగేవాడు ఆర్సెనికమ్. ఈ లక్షణాలన్నీ కెంట్ రెపర్టరీలో వేల వరుసలుగా పేర్చి ఉంటాయి. ఒకప్పుడు పుస్తకం తిరగేసేవారు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో టిక్కు పెడతారు.

ఆ ప్రశ్నల్ని చిన్నచూపు చూడకూడదు. లేవగానే పట్టేసి కదిలితే సర్దుకునే నొప్పి గురించి కీళ్లవాతం స్పెషలిస్టు కూడా అడుగుతాడు. అయితే ఆయన అడిగేది ఇది వాపుతో వచ్చిన నొప్పా, అరుగుదలతో వచ్చిందా అని తేల్చడానికి, ఆపైన రక్తపరీక్షతో సరిచూసుకోవడానికి. హోమియోలో ఆ పరిశీలన నేరుగా ఒక సీసా దగ్గరికి తీసుకెళుతుంది. సీసా సరైనదని చెప్పేదెవరు?

ఇక్కడే నాకు ఈ శిక్షణతో పేచీ. మందు ఎంచుకోవడం ఎలాగో అయిదేళ్లు నేర్పిస్తారు. ఎంచుకున్నది పనిచేయలేదని ఎలా తెలుసుకోవాలో నేర్పించరు. రోగికి తగ్గింది, మందు కుదిరింది. రోగికి పెరిగింది, అది 'అగ్రవేషన్', మంచి సూచన. ఏమీ మారలేదు, పొటెన్సీ తప్పు, లేదా రోగి కాఫీ తాగి మందుని విరిచేశాడు, లేదా లోపల పాతుకుపోయిన రోగమూలం, 'మయాజమ్', అడ్డుపడుతోంది. తగ్గి మళ్లీ వచ్చింది, ఇంకో డోసు. ఏం జరిగినా సూత్రానికి దెబ్బ తగలదు. మాస్టారి అరుగు మీదా ఇదే నడిచేది. మా అమ్మ దొంగతనంగా కాఫీ తాగానని ఒప్పుకున్న రోజున ఆయన ముఖం ఎంత విప్పారేదో!

అనుభవం ఉంది కదా అంటారు. అనుభవమే చిక్కు. జలుబు వారంలో పోతుంది. మైగ్రేన్, ఎలర్జీ, నడుంనొప్పి ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటాయి. మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది బాధ తారస్థాయిలో ఉన్నప్పుడే, కాబట్టి ఆ తర్వాతి వారం సహజంగానే కాస్త మెరుగ్గా ఉంటుంది. ఆ మెరుగుదల ఎవరి చేతిలో సీసా ఉంటే వారి ఖాతాలో పడుతుంది. దీన్ని విడదీయాలంటే ఒకటే మార్గం: కొందరికి మందు, కొందరికి ఉత్త గుళికలు, ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలియకూడదు. అంటే, చీటీలు చెరిపేసి చూడాలి.

చిత్రమేమిటంటే, చరిత్రలో ఇలాంటి పరీక్షల్లో అతి పాతవాటిలో ఒకటి హోమియోపతి మీదే జరిగింది. 1835లో, జర్మనీలోని నూరెంబర్గ్‌లో. హానిమన్ ఇంకా బతికే ఉన్నాడు. ఫన్ హోవెన్ అనే వైద్యాధికారి హోమియోపతిని దుమ్మెత్తిపోశాడు. రాయిటర్ అనే హోమియో వైద్యుడికి ఒళ్లు మండింది. ఉప్పుని 30వ పొటెన్సీకి తెచ్చి ఆ చుక్కలు తాగిస్తే ఆరోగ్యవంతుడికైనా ఏదో ఒక మార్పు తెలిసి తీరుతుందని, పదికి ఒకటి పందెం అన్నాడు. సరే చూద్దామని ఊళ్లో ఒక బృందం పూనుకుంది. 'ఎర్ర కోడిపుంజు' అనే సత్రంలో జనం చూస్తుండగా వంద సీసాలకు నంబర్లు వేసి, బాగా కలగాపులగం చేసి, రెండు వాటాలు వేశారు. యాభైలో ఉప్పు 30సి, యాభైలో మంచుని కరిగించి బట్టీపట్టిన ఉత్త నీళ్లు. ఏ నంబరులో ఏముందో రాసిన జాబితాకి సీలు వేశారు. 54 మంది సీసాలు పట్టుకెళ్లారు. మూడు వారాల తర్వాత 50 మంది సమాచారం అందింది. 42 మందికి ఏమీ అనిపించలేదు. ఏదో తేడా అనిపించింది ఎనిమిది మందికి. సీలు విప్పి చూస్తే వారిలో అయిదుగురు తాగింది ఉప్పు 30సి, ముగ్గురు తాగింది మంచునీళ్లు. రాయిటర్ పందెం ఓడిపోయాడు.

ఆ ముగ్గురి మీదే నాకు మక్కువ. ఉత్త నీళ్లు తాగి, ఒంట్లో ఏం జరుగుతుందా అని కనిపెట్టుకుని కూర్చుని, ఏదో ఒకటి కనిపెట్టిన ముగ్గురు. 'ప్రూవింగ్' అనే పద్ధతి మొత్తం ఆ కనిపెట్టుకుని కూర్చోవడం మీదే నిలబడింది. ఆరోగ్యవంతులకు మందిచ్చి, వాళ్లకి కలిగిన ప్రతి చిన్న అనుభూతినీ ఆ మందు లక్షణంగా రాసుకోవడం. మెటీరియా మెడికాలోని సంగతుల్లో ఎన్ని ఆ ముగ్గురిలాంటి వాళ్లవో?

నీళ్లకి జ్ఞాపకశక్తి ఉంటుందన్న వాదన 1988లో పెద్ద ఎత్తున వచ్చింది. ఫ్రాన్సులో బెన్‌వెనిస్ట్ అనే పేరున్న ఇమ్యునాలజిస్టు, ఒక్క అణువూ మిగలనంత పలచన చేసిన ద్రావణం కూడా రక్తకణాల మీద పనిచేస్తోందని 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. సంపాదకుడు జాన్ మాడక్స్ దాన్ని అచ్చువేసి, ఆపైన స్వయంగా ప్రయోగశాలకి వెళ్లాడు, వెంట ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీతో. ఏ గొట్టంలో ఏముందో రాసిన సంకేతాలను కవర్లో పెట్టి సీలువేసి పైకప్పుకి అంటించారు. చీటీలు కనిపించినంతకాలం పనిచేసిన నీళ్లు, చీటీలు పైకప్పెక్కాక పనిచేయలేదు.

రోగుల మీద జరిగిన ప్రయోగాల సంగతి ఇంత నాటకీయంగా ఉండదు, కానీ ఇదే దారి. 1997లో లిండె బృందం 89 ప్రయోగాలను కలిపి చూసి, ఫలితమంతా ప్లసీబో, అంటే ఉత్త గుళికల ప్రభావం, అని కొట్టిపారేయలేమంది. హోమియో వైద్యులు ఇప్పటికీ చూపించేది ఆ వ్యాసాన్నే. అదే వ్యాసంలో, ఫలానా ఒక్క జబ్బుకి పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని కూడా ఉంది. రెండేళ్ల తర్వాత వాళ్లే మళ్లీ చూస్తే, ప్రయోగం ఎంత పకడ్బందీగా జరిగితే ఫలితం అంత చిక్కిపోతోందని తేలింది. 2005లో 'లాన్సెట్'లో షాంగ్ బృందం 110 హోమియో ప్రయోగాల్ని, 110 అల్లోపతి ప్రయోగాల్ని పక్కపక్కన పెట్టింది. పెద్దవి, పటిష్ఠమైనవి మాత్రమే ఏరితే హోమియోవి ఎనిమిది, అల్లోపతివి ఆరు మిగిలాయి. అల్లోపతి మందుల ప్రభావం నిలబడింది, హోమియోది ప్లసీబో నుంచి విడదీయలేనంతగా తగ్గింది. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 61 రకాల ఆరోగ్య సమస్యలు పరిశీలించి, నమ్మదగిన ఆధారం ఏ ఒక్కదానికీ లేదంది.

ఒక్కో మనిషికి ఒక్కో మందు కదా, అందరికీ ఒకే మాత్ర ఇచ్చే ప్రయోగంలో మాది ఎలా తేలుతుంది అనే అభ్యంతరం ఉంది. న్యాయమైనదే. కానీ జవాబు సులువు. వైద్యుడు గంటసేపు కేసు తీసి, తనకు నచ్చిన మందే రాస్తాడు. మందులిచ్చేచోట మాత్రమే సగంమందికి ఉత్త గుళికలు వెళతాయి. ఇలాంటి ప్రయోగాలను మాతీ బృందం 2014లో సమీక్షించింది. చిన్నపాటి అనుకూలత కనిపించింది. నమ్మదగినవని వాళ్లే తేల్చినవి మాత్రం మూడే. 2011లో బ్రిటన్‌లో 83 మంది కీళ్లవాత రోగులతో చేసిన ప్రయోగం నాకు ఇంకా ఆసక్తికరం. హోమియో వైద్యుడితో సంప్రదింపులు జరిపినవాళ్లకి కొంత మేలు జరిగింది. ఆ మేలు సంప్రదింపుల వల్లే, గుళికల్లో మందున్నా లేకపోయినా తేడా లేదు. "ఓదారిస్తే ఏడుపొస్తుందా?" అని అడిగే అమ్మాయి దగ్గర ఏదో ఉందన్నమాట. అది సీసాలో లేదు.

పోల్చి చూడకుండానే మెరుగుదలని గుళికల ఖాతాలో వేయడానికి తెలుగునాట పెద్ద ఉదాహరణ మెదడువాపు వ్యాధి. 1999 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి రాష్ట్రంలో పిల్లలకు బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యూబర్‌క్యులినమ్ వరుసగా ఇచ్చారు. 'బీసీటీ' అనేవారు. కేసులు తగ్గాయి, హోమియో గెలిచిందన్నారు. ఆ వైరసు పందుల్లో, కొంగల్లో పెరిగి వరిమడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమల ద్వారా మనిషికి చేరుతుంది. వాన, దోమ, పంది, పిల్లల్లో అంతకుముందే వచ్చిన రోగనిరోధకత, వీటిని బట్టి కేసులు ఒక ఏడు విరుచుకుపడతాయి, మరో ఏడు తగ్గుతాయి. గుళికలు వేయని ఊళ్లను పోలికకి ఉంచుకుని ఉంటే తెలిసేది. ఉంచుకోలేదు. ఆ తర్వాతి కాలంలో పిల్లలకి ఆధునిక టీకా వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 కూడా ఇలాగే ఇంటింటికీ చేరింది.

గుళిక వల్ల నష్టం లేదు కదా అంటారు. 30సి వల్ల లేదు, ఉండటానికి అందులో ఏమైనా ఉంటే కదా. నష్టం ఆలస్యంలో ఉంది. డెంగీలో మూడో రోజు, అపెండిక్స్‌లో మొదటి రాత్రి చేజార్చుకోకూడనివి. ఇక్కడ మాత్రం బీహెచ్ఎంఎస్ చదువు మాస్టారి పుస్తకం కంటే వెయ్యిరెట్లు నయం. పాథాలజీ చదివిన పిల్ల "ఇది నా పని కాదు, పెద్దాసుపత్రికి వెళ్లండి" అనగలదు. మరోవైపు, అదే చదువు ఇచ్చిన ధైర్యంతో పల్లెల్లో యాంటీబయాటిక్స్ రాసేవాళ్లూ ఉన్నారు. హోమియోలో నమోదై అల్లోపతి మందులు వాడిన వైద్యుడి చేతిలో టైఫాయిడ్ అనుకుని చికిత్స పొందిన రోగి చనిపోయిన కేసులో, అలా చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

హోమియోపతి పుట్టినింట్లో ఈమధ్య ఒక సంగతి జరిగింది. జర్మనీలో ఎంబీబీఎస్ లాంటి చదువు పూర్తిచేసిన వైద్యులు అదనపు శిక్షణ పొంది బోర్డు మీద హోమియోపతి అని రాసుకునే వీలుండేది. 2022 మేలో బ్రేమెన్‌లో జరిగిన జర్మన్ వైద్యుల మహాసభ, ఆ అదనపు అర్హతను తమ నమూనా శిక్షణ నియమావళి నుంచి తీసేసింది. మన దగ్గర అలాంటిదేదో జరగాలని నేననను. వేలమంది పిల్లలు నీట్ రాసి చేరిన చదువు ఇది. దాన్ని ఒక్క తీర్మానంతో చెరిపేయడం తేలికా కాదు, సబబూ కాదు.

కానీ బయోస్టాటిస్టిక్స్ పాఠం ఇప్పుడు వాళ్ల సిలబస్‌లోనే ఉంది. హోమియో ఫార్మసీ ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ ఉంటుంది, ఉప్పు ఉంటుంది, పొటెన్సీ చేయడం రెండో నెలకే వచ్చేస్తుంది. క్లాసులో వందమంది ఉంటారు. నూరెంబర్గ్ వాళ్లకి ఇంత సరంజామా కూడా లేదు, సత్రంలో ఒక బల్ల తప్ప. యాభై సీసాల్లో ఉప్పుతో చేసిన నేట్రమ్ మూర్ 30, యాభైలో ఉత్త నీళ్లు, నంబర్ల జాబితా కవర్లో పెట్టి ప్రిన్సిపాల్ బీరువాలో. మూడు వారాలాగి తాళం తీస్తే చాలు.

మాస్టారు పారబోసిన ఆ రెండు సీసాల్లో ఏమేముండేవో నాకిప్పటికీ తెలియదు. ఆయన వాటిని ఉంచి, నంబర్లు వేసి, మా వీధి పిల్లల మీదే చూసి ఉండొచ్చు. లెక్కల మాస్టారే కదా.